స్తంభం పక్కన నిలబడ్డ అమ్మాయి

కిందటి సంవత్సరం రెండు నెలలు లండన్‌లో ఉండొచ్చాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కదా, వెళ్ళగానే బ్రిటిష్ మ్యూజియంకి పరిగెత్తాను. 2022 దాకా మా గుంటూరు జిల్లాలో ఉన్న అమరావతి నుంచి తరలిపోయిన శిల్పాల్ని అక్కడ చూసి మనసు పాడుచేసుకున్నాను. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు రాయబోయేది ఒక రాత్రి గురించి. మా అక్క కూతురు బుజ్జి ఓ శుక్రవారం ఆఫీసు నుంచి వస్తూనే, "పిన్నీ, రాత్రికి పాటలు వినడానికి వెళ్తున్నాం. చెప్పులొద్దు, బూట్లేసుకో" అంది. బూట్లెందుకే అంటే కాళ్ళు తొక్కుతారంది.

తీసుకెళ్ళిన చోటు హండ్రెడ్ క్లబ్. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో నూరో నంబరు, అందుకే ఆ పేరు. బట్టల షాపుల మధ్య ఒక తలుపు, లోపల కిందికి దిగే మెట్లు. దిగితే ఎర్రరంగు గోడలు, గోడల నిండా అక్కడ పాడి వాయించినవాళ్ళ ఫొటోలు. పై కప్పు అందుకునేంత తక్కువ. నేను సినిమాల్లో చూసిన క్లబ్బులకీ దీనికీ పోలికే లేదు. నృత్యతారలు లేరు, పొగ లేదు, మెరిసే దీపాలు లేవు. కుర్చీలు కూడా పెద్దగా లేవు. గది వెడల్పుగా ఉంటుంది, పొడవు గోడకి మధ్యలో స్టేజి, దాని ముందు స్తంభాలు. మహా అయితే మూడున్నర వందల మంది పడతారు. ఆ స్టేజి ఎత్తు చూసి ఆశ్చర్యపోయాను. మా ఊళ్ళో అరుగు అంతకన్నా ఎత్తు. కాలు తీసి పెడితే ఎక్కేయొచ్చు.

బుజ్జి స్నేహితురాలు ఆ రోజు ఒక బ్యాండులో డ్రమ్స్ వాయిస్తోంది. మొత్తం మూడు బ్యాండులు. వాళ్ళంతా ఇంకా చదువుకుంటూ, చిన్నాచితకా ఉద్యోగాలు చేసుకుంటూ వాయించుకునే పిల్లలు కాబట్టి పేర్లు రాయడం లేదు. బుజ్జి నా చెవుల్లో పెట్టుకోవడానికి రెండు స్పాంజి ముక్కలిచ్చింది. చేతిలో ప్లాస్టిక్ గ్లాసుతో నిమ్మకాయ సోడా పెట్టి, "ఎక్కడ నిలబడతావు పిన్నీ?" అని అడిగింది. నేను ఏమీ ఆలోచించకుండానే వెనక గోడ దగ్గరికి నడిచాను.

ఆ నడక గురించే ఈ వ్యాసం.

మా చిన్నప్పుడు శ్రీరామనవమికి గుంటూరు వీధుల్లో చలవ పందిళ్ళు వేసి, రాత్రుళ్ళు కార్యక్రమాలు పెట్టేవారు. హరికథ రోజూ, పౌరాణిక నాటకం రోజూ ఆడవాళ్ళు చాపలు తెచ్చుకుని ఒక పక్కన కూర్చునేవారు. ఆర్కెస్ట్రా రోజు మాత్రం లెక్క వేరు. సినిమా పాటలు, ఈలలు, కాగితాలు ఎగరెయ్యడాలు. ఆ రోజు వయసొచ్చిన ఆడపిల్లలం మేడ మీద నుంచి చూడాలి. పిట్టగోడ మీద గడ్డం ఆనించి, కింద మా వయసు మగపిల్లలు గాయకుడి కాళ్ళ దగ్గర నిలబడి గెంతుతుంటే చూసేవాళ్ళం. పదిహేనో ఏట ఒకసారి నేనూ, పక్కింటి అమ్మాయీ ధైర్యం చేసి కిందికి దిగాం. రెండు పాటలు కూడా పూర్తిగా వినలేదు. వెనక నుంచి పడిన చేతులు ఎవరివో తిరిగి చూసే వీలు కూడా లేదు, అంత జనం. ఏడుస్తూ ఇంటికొస్తే అమ్మ అడిగిన మొదటి మాట, "అసలు నిన్ను దిగమన్నదెవరు?"

మళ్ళీ దిగలేదు. ఇది నా ఒక్కదాని కథ కాదని ఈ పత్రిక చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మొదటి బ్యాండు మొదలైంది. ఆ శబ్దాన్ని సంగీతం అనాలా వద్దా అని మొదట ఆలోచించాను. పాట మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. డ్రమ్ము దెబ్బ చెవికి కాదు, కడుపుకి తగులుతోంది. గోడకి ఆనుకుని పక్కనున్న ఫొటోలు చూస్తూ నిలబడ్డాను. చరిత్ర మేష్టర్ల జబ్బు ఇదే, ముందు జరుగుతున్నది వదిలేసి గోడ మీద వేలాడేది చూస్తారు. తర్వాత వారం రోజులు బుజ్జి దగ్గరా, లైబ్రరీలోనూ దొరికిన పుస్తకాలన్నీ చదివాను.

ఆ నేలమాళిగలో సంగీతం మొదలైంది 1942 అక్టోబరు 24న. యుద్ధం నడుస్తోంది. పగలు అదొక రెస్టారెంటు. ఆదివారం రాత్రుళ్ళు రాబర్ట్ ఫెల్డ్‌మన్ అనే ఆయన దాన్ని అద్దెకి తీసుకుని జాజ్ కచేరీలు పెట్టాడు. అమెరికన్ సైనికులు వచ్చి ఎగిరెగిరి డాన్సులు చేశారు. 1956లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించాడు. 1964లో హండ్రెడ్ క్లబ్ అనే పేరొచ్చింది. అక్కడి నుంచి 1976కి గెంతుతాను, ఎందుకంటే నన్ను పట్టుకుని వదలనిది ఆ ఏడాది సెప్టెంబరు 20, 21 తేదీల్లో జరిగిన రెండు రాత్రుళ్ళ పంక్ ఉత్సవం.

పంక్ అంటే తెలియని వాళ్ళకి రెండు మాటలు. 1970ల మధ్యలో రాక్ సంగీతం పెద్ద పెద్ద స్టేడియంలకి వెళ్ళిపోయింది. వాయించేవాళ్ళు కోటీశ్వరులు, పావుగంట సేపు గిటారు సోలోలు. అప్పుడు ఉద్యోగాలు దొరకని కుర్రాళ్ళు, ఆర్ట్ స్కూలు పిల్లలు కొందరు, సంగీతం నేర్చుకోకపోయినా ఫరవాలేదు, మూడు తీగల పట్లు వస్తే చాలు, స్టేజి ఎక్కొచ్చు అన్నారు. వాయించేవాడికీ వినేవాడికీ తేడా చెరిపేద్దామన్నారు. 'వాడికీ' అనే రాశాను, కావాలనే. ఆ మాట అన్నవాళ్ళ మనసులో 'ఆమె' ఉందో లేదో నాకు అనుమానమే. కానీ ఒకసారి అన్నాక ఆ మాటని అమ్మాయిలు పట్టుకున్నారు.

మొదటి రాత్రి అది కళ్ళముందే జరిగింది. ఆ ఉత్సవంలో ఒక ఖాళీ ఉంది, ఒక బ్యాండు తక్కువైంది. అంతకుముందు దాకా సెక్స్ పిస్టల్స్ కచేరీలకి వచ్చి ముందు వరసలో నిలబడే పందొమ్మిదేళ్ళ సూజీ సూ, మేము వాయిస్తాం అంది. అప్పటికి బ్యాండు లేదు. స్నేహితుల్ని పోగేసింది. ఒక క్రైస్తవ ప్రార్థనని పట్టుకుని దాదాపు ఇరవై నిమిషాలు నోటికొచ్చినట్టు పాడారు, చేతికొచ్చినట్టు వాయించారు. వినడానికి ఘోరంగా ఉండి ఉంటుంది. ఆ ఘోరంలోంచే సూజీ అండ్ ద బాన్షీస్ అనే బ్యాండు పుట్టి ఇరవై ఏళ్ళు నడిచింది. ఇందులో నాకు మింగుడుపడని విషయం కూడా ఒకటుంది. ఆమె ఆ రాత్రి చేతికి నాజీల స్వస్తిక పట్టీ కట్టుకుంది. పెద్దవాళ్ళని రెచ్చగొట్టడానికట. ఆ పట్టీ చూసి క్లాష్ బ్యాండు మేనేజరు తమ వాయిద్యాలు వాళ్ళకి ఇవ్వనన్నాడు. సరిగ్గానే చేశాడు. పందొమ్మిదేళ్ళ వయసు దానికి సమాధానం కాదు. అలాగని ఆమె స్టేజి ఎక్కిన క్షణాన్ని మన చరిత్ర నుంచి కొట్టేయనూ లేను. రెండూ పక్కపక్కనే పెట్టి చూడాల్సిందే.

మరో అమ్మాయి పాలీ స్టైరీన్. తల్లి తెల్లజాతి, తండ్రి సోమాలియా నుంచి వచ్చినవాడు, పెరిగింది బ్రిక్స్‌టన్‌లో. 1976 జులై 3న, తన పందొమ్మిదో పుట్టినరోజున, హేస్టింగ్స్ అనే ఊళ్ళో సముద్రం మీదికి కట్టిన వంతెన మీద సెక్స్ పిస్టల్స్ వాయిస్తుంటే విన్నది. ఇంటికొచ్చి, నాతో కలిసి వాయించేవాళ్ళు కావాలని పేపర్లో ప్రకటన ఇచ్చింది. అలా ఎక్స్-రే స్పెక్స్ అనే బ్యాండు. సాక్సఫోను వాయించిన లోరా లాజిక్‌కి ఇంకా బడి వయసు. పళ్ళకి కట్టుకున్న తీగ కనపడేలా నవ్వుతూ, గాయని అంటే ఎలా ఉండాలని జనం అనుకుంటారో దాన్నంతా పక్కకి నెట్టి నిలబడింది పాలీ. 2011లో చనిపోయింది. ఆమె కూతురు సెలెస్ట్ బెల్, అమ్మ గురించి తీసిన డాక్యుమెంటరీ 2021లో వచ్చింది. దొరికితే చూడండి. తల్లిని క్షమించడం, తల్లిని అర్థం చేసుకోవడం ఒకటి కావని అందులో తెలుస్తుంది.

వివ్ ఆల్బర్టీన్ కూడా అంతే. సెక్స్ పిస్టల్స్‌ని చూసి, చనిపోతూ గ్రాండ్‌మదర్ వదిలివెళ్ళిన డబ్బుతో ఒక గిటారు కొన్నది. (ఇంగ్లీషులో ఇదొక చిక్కు, అమ్మమ్మో నాయనమ్మో ఆ మాటలో తెలియదు. ఎవరైతేనేం, ఒక ముసలామె దాచుకున్న డబ్బు.) స్లిట్స్ అనే ఆడపిల్లల బ్యాండులో చేరింది. ఆ స్లిట్స్‌ని చూసి ధైర్యం తెచ్చుకున్న జీనా బర్చ్, ఆనా ద సిల్వాతో కలిసి రెయిన్‌కోట్స్ అనే బ్యాండు పెట్టింది.

ఈ పేర్లన్నీ వరసగా చెప్పడం నా ఉద్దేశం కాదు. వీళ్ళలో ఉమ్మడిగా ఉన్నది ఒక్కటి గమనించండి. ప్రతి ఒక్కతీ స్టేజి ఎక్కే ముందు స్టేజి కింద నిలబడింది. అంత దగ్గరగా నిలబడితేనే వాయించేవాడి చేతులు కనిపిస్తాయి. వాడికీ పెద్దగా ఏమీ రాదని తెలుస్తుంది. మేడ మీద నుంచి చూస్తే అది తెలియదు. పిట్టగోడ వెనక నుంచి చూసిన నాకు ఆర్కెస్ట్రా వాళ్ళు దేవలోకం నుంచి దిగినవాళ్ళలా కనపడేవారు. వాళ్ళలో తబలా వాయించేవాడు మా వీధి టైలరు అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు.

సంగీత చరిత్రలు స్టేజి మీద ఎవరున్నారో రాస్తాయి. స్త్రీవాదులం మనం కూడా చాలావరకు అదే చేస్తాం, మొదటి గాయని ఎవరు, మొదటి డ్రమ్మరు ఎవరు అని వెతుకుతాం. కింద నిలబడటానికి ఎవరికి చోటుండేది, ఏ వరసలో ఉండేది, ఎంత ఖరీదుకి ఉండేది అని అడిగేవాళ్ళు తక్కువ.

ఇక రెండో రాత్రి, సెప్టెంబరు 21.

ఆ రాత్రి ఫ్రాన్స్ నుంచి వచ్చిన స్టింకీ టాయ్స్ వాయించారు, వాళ్ళ గాయని ఎలీ మెదీరోస్. తర్వాత డామ్డ్ అనే బ్యాండు వాయిస్తుండగా జనంలోంచి ఎవరో గాజు గ్లాసు విసిరారు. అది స్టేజికి తగల్లేదు. స్తంభానికి తగిలి పగిలింది. ఆ ముక్కలు పక్కన నిలబడి పాట వింటున్న ఒక అమ్మాయి ముఖం మీద పడ్డాయి. ఒక కన్ను పోయింది.

ఆ తర్వాత జరిగినవి పుస్తకాల నిండా ఉన్నాయి. పోలీసులు వచ్చారు. సిడ్ విషస్ అనే కుర్రాణ్ణి పట్టుకెళ్ళారు. ముందురోజు సూజీ వెనక డ్రమ్స్ వాయించింది అతనే. రిమాండు గృహంలో పెట్టారు. ఆ గ్లాసు అతనే విసిరాడా, కాదా అని దాదాపు యాభై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. క్లబ్బులో పంక్ బ్యాండుల్ని నిషేధించారు. నిషేధంతో ఆ సంగీతానికి మరింత ప్రచారం వచ్చింది. ఎవరు ఏ చొక్కా వేసుకున్నారు, ఎవరి మేనేజరు ఎవరితో ఏమన్నాడు, అన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయి మాత్రం నేను చదివిన పుస్తకాల్లో పేజీ తర్వాత పేజీ 'ఒక అమ్మాయి' అనే. ఒకచోట 'ఒక ప్రేక్షకురాలు'. ఒకచోట అదీ లేదు, 'ఒకరికి కన్ను పోయింది' అని ఉంది.

మనకిది కొత్తా? గ్రామాల్లో జరిగిన దాడుల గురించి పేపర్లో చదివేటప్పుడు కూడా పారిపోయినవాడి పేరు, పట్టుకున్న ఎస్సై పేరు ఉంటాయి. దెబ్బతిన్న ఆమె 'ఒక మహిళ'. కొన్ని సందర్భాల్లో పేరు దాచడం ఆమె రక్షణ కోసం, చట్టం కూడా అదే చెబుతుంది. అది వేరు. ఇక్కడ దాచలేదు, అవసరం అనిపించలేదు, అంతే. ఆమె గ్లాసు విసిరి ఉంటే ఆమె పేరు మనకి తెలిసేది.

సిడ్ విషస్ కథ మాత్రం ముందుకు సాగింది. 1977 ఫిబ్రవరిలో సెక్స్ పిస్టల్స్‌లో చేరాడు. 1978 అక్టోబరు 12న న్యూయార్క్‌లోని చెల్సీ హోటల్లో అతని స్నేహితురాలు నాన్సీ స్పంజెన్ కడుపులో కత్తిపోటుతో శవమై కనిపించింది. ఇరవయ్యేళ్ళు. హత్యానేరం అతని మీద మోపారు. విచారణ జరగకుండానే 1979 ఫిబ్రవరి 2న మత్తుమందు ఎక్కువై చనిపోయాడు కాబట్టి ఆ నేరం రుజువూ కాలేదు, కొట్టివేతా కాలేదు. ఆ జంట మీద 1986లో సినిమా వచ్చింది. అతని ముఖం అచ్చేసిన బనీన్లు ఇప్పటికీ లండన్ ఫుట్‌పాత్‌ల మీద దొరుకుతాయి, నేను స్వయంగా చూశాను. నాన్సీని మాత్రం ఆ కాలపు పత్రికలు బతికున్నప్పుడే రోత మనిషి అన్నాయి. చచ్చిపోయాక కూడా ఆ బిరుదు పోలేదు.

ఈ వాతావరణంలో అమ్మాయిలు బ్యాండులు నడిపారు. స్లిట్స్ గాయని ఆరీ అప్‌కి 1977 మేలో పదిహేనేళ్ళు. ఆ నెలలో క్లాష్‌తో కలిసి దేశమంతా తిరిగి కచేరీలు చేశారు. ఆ బస్సు డ్రైవరు ఈ పిల్లల్ని ఎక్కించుకోనని మొండికేస్తే అదనంగా డబ్బు ముట్టచెప్పి ఒప్పించాల్సి వచ్చిందని ఆ రోజుల గురించి రాసినవాళ్ళు చెబుతారు. మగ బ్యాండులు కూడా చింపిరి బట్టలే వేసుకున్నాయి, వాళ్ళు కూడా ఉమ్మారు, తిట్టారు. డ్రైవరుకి అభ్యంతరం ఆడపిల్లల చింపిరి బట్టల మీదే. ఆరీని లండన్ వీధిలో ఒకడు వెనక నుంచి కత్తితో పొడిచాడు కూడా. స్టేజి మీద దొరికిన స్వేచ్ఛ స్టేజి దిగి బస్సెక్కేలోపు ఆవిరైపోయేది. 1979లో స్త్రీలూ, వాళ్ళతో కలిసొచ్చిన మగవాళ్ళు కొందరూ 'రాక్ అగైనెస్ట్ సెక్సిజం' అనే ఉద్యమం మొదలుపెట్టారు. అంతకు మూడేళ్ళ ముందు జాతివివక్షకి వ్యతిరేకంగా వచ్చిన 'రాక్ అగైనెస్ట్ రేసిజం' అంత పెద్దది కాలేదు అది. లక్షమంది ఊరేగింపులు దానికి రాలేదు.

1980ల నాటికి కథ అమెరికా చేరి ఇంకా మగదైపోయింది. వాషింగ్టన్, లాస్ ఏంజిలస్‌లలో హార్డ్‌కోర్ అనే వేగమైన పంక్ వచ్చింది. స్టేజి ముందు చొక్కాలు విప్పిన కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ గుండ్రంగా తిరుగుతారు, దాన్ని గొయ్యి అంటారు. గొయ్యిలో నిలబడగలిగితే పాట దగ్గరగా వినొచ్చు. లేదా వెనక్కి పోవాలి. వెనక అమ్మాయిలు ఏం చేసేవాళ్ళో తెలుసా? గొయ్యిలో గెంతుతున్న స్నేహితుల కోట్లు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఆ అమ్మాయిలకి కోటు కొక్కేలని ఎగతాళి పేరు కూడా ఉండేది. తిరునాళ్ళలో మగవాళ్ళు రంగులరాట్నం ఎక్కితే చెప్పులకీ, సంచులకీ కాపలా కాసే మన ఆడవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

దీన్ని తిరగేసింది 'రయట్ గర్ల్' అని పేరుపడ్డ అమ్మాయిలు. 1991 వేసవిలో, వాషింగ్టన్ నగరంలో, ఆలిసన్ వోల్ఫ్, మాలీ న్యూమన్ లాంటివాళ్ళు కాగితాలు జిరాక్సు తీసి, మడిచి, పిన్ను కొట్టి చిన్న పత్రిక చేసి కచేరీల దగ్గర పంచారు. ఆ ఆగస్టు 20న, దేశానికి అటు చివర ఒలింపియా అనే ఊళ్ళో, ఒక సంగీత సమ్మేళనం మొదటి రాత్రిని మొత్తం స్త్రీల బ్యాండులకే ఇచ్చారు. వీళ్ళలో నాకు ఇష్టమైనది బికినీ కిల్ గాయని కాథ్లీన్ హానా. గృహహింస బాధితుల ఆశ్రయంలో పనిచేసిన అమ్మాయి. కచేరీ మొదలయ్యే ముందు మైకులో చెప్పేది, అమ్మాయిలంతా ముందుకు రండి, అబ్బాయిలు కాస్త వెనక్కి జరగండి అని. పాటల కాగితాలు అమ్మాయిలకే పంచేది.

ఎంత చిన్న మాట! దానికి వచ్చిన కోపం చూడండి. మేమూ డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నాం, ఇది మగవాళ్ళ మీద వివక్ష అన్నారు. తిట్టారు, వస్తువులు విసిరారు, ఆమె మీద చెయ్యి చేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆర్టీసీ బస్సులో 'స్త్రీలకు మాత్రమే' అని రాసిన సీట్లో కూర్చున్న పెద్దమనిషిని లేవమని అడిగి చూడండి, అచ్చం ఇవే మాటలు వస్తాయి. కచేరీ అయిపోయాక అమ్మాయిలు వరసలో నిలబడి ఆమెకి తమ కథలు చెప్పుకునేవాళ్ళట. తండ్రి చేసింది, స్నేహితుడు చేసింది. ఆశ్రయంలో చేసిన పనే స్టేజి పక్కన కూడా చేయాల్సి వచ్చింది ఆమెకి. అది ఎంత బరువో 2024లో వచ్చిన ఆమె ఆత్మకథ చదివితే తెలుస్తుంది.

అయితే ముందుకు వచ్చిన అమ్మాయిలు ఎవరు? చాలావరకు తెల్లవాళ్ళు, చాలావరకు కాలేజీ చదువులు చదివినవాళ్ళు. న్యూజెర్సీలో రమ్‌దాషా బిక్‌సీమ్ అనే నల్లజాతి అమ్మాయి 'గంక్' అనే తన చిన్న పత్రికలో ఆ రోజుల్లోనే ఈ ప్రశ్న వేసింది. వియత్నాం నుంచి వచ్చిన మిమీ థీ న్యూయెన్ 1997లో నల్ల, గోధుమ రంగు పంక్‌ల రాతలన్నీ కలిపి ఒక సంకలనం తెచ్చింది. న్యూయార్క్‌లో టమార్-కాలీ, ఆమె స్నేహితురాళ్ళు 'సిస్టా గర్ల్ రయట్' పేరుతో నల్లజాతి స్త్రీల కచేరీలు విడిగా పెట్టుకున్నారు. మనకిది తెలియని గొడవ కాదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు మనలో కొందరికి ఎక్కడ తగిలిందో అక్కడే తగిలింది వాళ్ళకి కూడా. మనం ముందు వరసలో నిలబడి, మన వెనక ఎవరున్నారో తిరిగి చూడకపోవడం. గుంటూరు పందిరి దగ్గర మాకు కనీసం మేడ ఉంది, పిట్టగోడ ఉంది. ఆ వీధిలోకి రాత్రిపూట అసలు రానివ్వని పేటల ఆడపిల్లలు ఆ పాటలు ఎక్కణ్ణించి విన్నారో నేను ఈ వయసు దాకా ఎప్పుడూ అడగలేదు.

కాలం మారలేదని చెప్పను. 2015లో అయిదుగురు టీనేజి అమ్మాయిలు, కచేరీల్లో చేతులు వేసేవాళ్ళ మీద 'గర్ల్స్ అగైనెస్ట్' అనే ప్రచారం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకమ్మాయికి ఒక కచేరీలో అలా జరిగింది. ఆమె ఇంటికొచ్చి ఊరుకోలేదు, స్నేహితురాళ్ళకి చెప్పింది, అందరూ కలిసి బ్యాండులకీ, క్లబ్బులకీ, సెక్యూరిటీ వాళ్ళకీ రాశారు. నిన్ను దిగమన్నదెవరు అని వాళ్ళనీ ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

ఇవన్నీ తర్వాత చదివి తెలుసుకున్నవి. ఆ రాత్రికి నాకు తెలిసింది ఒక్క గ్లాసు సంగతే. రెండో బ్యాండు వాయిద్యాలు సర్దుకుంటుండగా గోడ మీది ఫొటోలు చూస్తున్న నాకు బుజ్జి చెప్పింది. "ఇక్కడే పిన్నీ, డెబ్భై ఆరులో. గ్లాసు స్తంభానికి తగిలి ఒకమ్మాయి కన్ను పోయింది." ఆ అమ్మాయి పేరేంటని అడిగాను. బుజ్జి ఫోను తీసి వెతికింది. చాలాసేపు వెతికి, "సిడ్ విషస్ గురించే వస్తోంది" అని ఫోను జేబులో పెట్టేసుకుంది.

మూడో బ్యాండు నలుగురు అమ్మాయిలది. బుజ్జి స్నేహితురాలు డ్రమ్ముల వెనక కూర్చుని జుట్టు బిగించి కట్టుకుంది. మా ఇళ్ళల్లో పచ్చడి నూరబోయే ముందు కట్టుకున్నట్టే. మొదటి పాట అయ్యాక గిటారు అమ్మాయి ఆగి, ముందు వరసలో ఉన్నవాళ్ళని ఒకసారి వెనక్కి తిరిగి చూడమంది. మీ వెనక పొట్టివాళ్ళెవరైనా ఉన్నారా, కనపడటం లేదేమో అడగండి అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. ఇద్దరు పొడుగాటి కుర్రాళ్ళు తిరిగి చూశారు. నేను కనపడ్డాను. తెల్లజుట్టు, సల్వార్ కమీజు, చెవుల్లో స్పాంజి ముక్కలు. పక్కకి జరిగారు. బుజ్జి నా చెయ్యి పట్టుకుని లాగింది.

వెళ్ళాను. స్టేజికి దగ్గరగా ఉన్న స్తంభం పక్కన నిలబడ్డాను. దాని మీద అరచెయ్యి పెట్టాను, చాలాసార్లు రంగు వేసిన నున్నదనం. డ్రమ్ము మోగినప్పుడల్లా స్తంభం కూడా అదురుతోంది. అక్కడి నుంచి చూస్తే గిటారు అమ్మాయి వేళ్ళు కనిపించాయి. ఒకచోట తప్పు పట్టు పట్టి, నాలుక కరుచుకుని, మళ్ళీ అందుకుంది. చేతిలో ప్లాస్టిక్ గ్లాసు ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు. వెనక నుంచి ఒక భుజం తగిలితే ఒళ్ళంతా బిగుసుకుంది, అలవాటు. తిరిగి చూస్తే నా వయసే ఉన్న ఒకావిడ, క్షమించమన్నట్టు చెయ్యెత్తి, మళ్ళీ గెంతడం మొదలుపెట్టింది.

పాటలు నచ్చాయా అని బుజ్జి మెట్లెక్కుతూ అడిగింది. నచ్చాయో లేదో చెప్పలేనన్నాను. చెవుల్లో జుయ్యిమని మోత. బయట చలి. బస్సు స్టాపులో నిలబడి టైము చూస్తే పన్నెండున్నర, అంటే గుంటూరులో అయిదు. అక్క లేచే వేళ. బుజ్జే ఫోను కలిపి ఇచ్చింది.

"ఈ టైములో ఎక్కడ తిరుగుతున్నారే ఇద్దరూ?" అంది అక్క.

"పాటలు వినడానికి వెళ్ళాం."

"కూర్చోడానికి చోటు దొరికిందా?"

"లేదక్కా, ముందు నిలబడ్డాం" అన్నాను.